పొగ రాని నిప్పు

పొయ్యి ముందు కూర్చున్న రాజవ్వకు ఆ పొద్దున లేవబుద్ధి కాలేదు. బాలింతకు వేన్నీళ్ళు కాగాలి, పిల్లవాడికి వేరే గిన్నెలో కాగాలి, పథ్యం కూర ఉడకాలి, పాలు కాగాలి, ఇవన్నీ అయ్యాక మంచం కిందికి నిప్పులు తయారు కావాలి. ఇన్నింటికీ ఉన్నది ఒకటే పొయ్యి, ఒకతే మనిషి. భర్త ఎల్లేశం మోకు భుజాన వేసుకుని కల్లు గీయడానికి తాటిచెట్ల దగ్గరికి పోయాడంటే మళ్ళీ ఎండెక్కాకే ఇల్లు చేరడం. వచ్చి, కాళ్ళు కడుక్కుని, "ఏమన్న పనున్నదానే?" అంటాడు. లేదనే జవాబు కోసమే అడిగినట్టు ఉంటుంది ఆ అడగడం. అందుకని ఆమె ఏమీ చెప్పదు.

కూతురు సౌమ్యకు తొలి కాన్పు. మగపిల్లవాడు. అత్తవారిల్లు సిరిసిల్లలో, పుట్టిల్లు ఇక్కడ కోరుట్లలో. తొలి పురుడు పుట్టింటివాళ్ళే చెయ్యాలి కాబట్టి సౌమ్య ఏడో నెలలోనే వచ్చేసింది. కన్నది కూతురే అయినా పచ్చి ఒళ్ళు తనదే అన్నట్టుంది రాజవ్వకు. పిల్లవాడు పుట్టినప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. నడుము నడుములా లేదు. బీడీల చాట గోడకు తగిలించేసింది. ఆ చాట ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు చాపుకుని బీడీలు చుట్టడమే సుఖమని ఇప్పుడు తెలిసివచ్చింది. అప్పుడేమో అదే పెద్ద కష్టమనుకునేది.

ఇంట్లో గ్యాసు లేక కాదు. కానీ కాగెడు నీళ్ళు గ్యాసు స్టవ్వు మీద నిలవవు. పైగా బాలింత నీళ్ళు కట్టెల పొయ్యి మీద కాగితేనే ఒంటికి పడతాయని రాజవ్వ నమ్మకం. వెనక రేకుల కింద ఉన్న ఆ మట్టి పొయ్యి ఆమె తన చేతులతో వేసుకున్నది. దాని మీద ఆమెకున్న పట్టు వాడకట్టు మొత్తానికీ తెలుసు. పచ్చికట్టెను దాని గడప తొక్కనివ్వదు. తుమ్మ మొద్దులను ఎండాకాలంలోనే చీల్పించి, నేల తగలకుండా రెండు రాళ్ళ మీద, గాలి ఆడేలా అడ్డంగా నిలువుగా పేర్చి పెడుతుంది. ముందు గింజలు ఒలిచిన మక్క బెండ్లు, వేలెడు లావు పుల్లలు పెట్టి అంటించి, మంట అందుకున్నాకే లావు కట్టె పెడుతుంది. కిరసనాయిలు చుక్క పోసేది లేదు, పాలిథీన్ కవరు వేసేది లేదు. చెంగు బిగించి నడుముకు దోపుకోకుండా మంట ముందు కూర్చోదు. పక్కన నీళ్ళ బకెట్టు ఉండాల్సిందే. పొయ్యి నిండా కట్టెలు కుక్కేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట.

"నోరు నిండ కుక్కితే నువ్వు నములుతవా? అది గూడ గంతే. జర సందియ్యి, గాలి పీల్చుకోనియ్యి," అంటుంది, సాయం చెయ్యబోయిన వాళ్ళతో. ఆ మాట విన్నవాళ్ళు మళ్ళీ సాయానికి రారు.

పొయ్యికి గాలి కావాలని ఇంత తెలిసిన మనిషి, గదిలో పడుకున్న కూతురికి మాత్రం గాలే శత్రువు అనుకుంది. ఆమె ఒక్కతే ఏం, చుట్టుపక్కల ఎవరిని అడిగినా అదే మాట. బాలింతకు గాలి సోకితే తల బరువెక్కుతుంది, ఒళ్ళు లాగుతుంది, పాలు తగ్గుతాయి. తలస్నానం చేయించి, సాంబ్రాణి పొగ పట్టి, నులక మంచం మీద పడుకోబెట్టి, మంచం కింద కుంపటితో నిప్పులు పెట్టాలి. గది తలుపు వేసి ఉండాలి. రాజవ్వకు వాళ్ళమ్మ అట్లాగే చేసింది, వాళ్ళమ్మకు ఆవిడ తల్లీ అంతే.

అయితే ఆ రోజుల్లో ఇళ్ళు వేరు. తాటికమ్మల కప్పు, మట్టిగోడ, తలుపుకు వేలు దూరే సందులు. మూసినా గాలి తన దారి తాను చూసుకునేది. ఇప్పుడు ఇల్లు ముందుభాగం పెంకులే అయినా సౌమ్య పడుకున్న వెనక గదికి స్లాబు వేశారు. ఇనుప చువ్వల కిటికీ, గట్టి టేకు తలుపు. ఆ తేడా ఎవరి బుర్రకూ తట్టలేదు.

మొదట్లో ఏ ఇబ్బందీ రాలేదు. కుంపట్లో మక్క బెండ్ల నిప్పులు వేసేది, అవి గబగబా బూడిదైపోయేవి. గోడ పైన గాలి గూడు కూడా తెరిచే ఉండేది. ఇంతలో చలి ముదిరింది. పొద్దున పొగమంచుకు ఎదురింటి గోడ కనబడని చలి. సిరిసిల్ల నుంచి వియ్యపురాలు బాలవ్వ రోజూ ఫోను.

"వొదినె, పిల్లకు సలి తగలనియ్యకు. పిలగానికి జలుబైతే మనతోని కాదు."

"నేను లేనా వొదినె? నువ్వు రంధి వెట్టుకోకు," అంది రాజవ్వ. అన్న మాట నిలబెట్టుకోవాలి కదా. గాలి గూట్లో గోనెసంచి కుక్కింది. కిటికీకి దుప్పటి కట్టింది. తలుపు కింద సందులో పాత చీర మడిచి పెట్టింది. మక్క బెండ్లు మానేసి తుమ్మ నిప్పులు వేసింది. తుమ్మ నిప్పు పెట్టిందంటే సాయంత్రం దాకా ఎర్రగా ఉంటుంది.

ఆ మర్నాటి నుంచే సౌమ్యకు తలనొప్పి మొదలైంది.

"అమ్మా, తల పలుగుతున్నదే. జర కిటికీ తెరువరాదు," అంది కూతురు.

"బాలింతవు, కిటికేందే నీకు! గాలి సొచ్చిందంటే ముసలిదానివయ్యేదాక తల వట్టుకోని కూసుంటవు."

"ఉమ్మరిస్తుందే అమ్మా. కడుపుల తిప్పుతుంది."

"గదే గాలి సోకుడంటే. పండుకో."

పొద్దున లేచేసరికి తలనొప్పి తగ్గేది. స్నానమై, నిప్పులు పెట్టి, తలుపు వేశాక మళ్ళీ వచ్చేది. ఒక మధ్యాహ్నం తిన్నదంతా కక్కేసింది. సరే, గాలి బాగానే సోకిందని రాజవ్వ ఇంకో రెండు పట్టకార్ల నిప్పులు ఎక్కువ వేసింది. తలుపు కింద ఇంకో చీర దోపింది. ఏ మందుతో రోగం వచ్చిందో అదే మందు రెట్టింపు చేస్తున్నానని ఆమెకు ఎట్లా తెలుస్తుంది? ఎవరు చెప్పారు గనక? సౌమ్య మళ్ళీ కిటికీ మాట ఎత్తితే తల వాచేలా చీవాట్లు పెట్టింది. ఆ పిల్ల తరువాత అడగడం మానేసింది.

ఆ రోజు కూడా అన్నీ వరసగా అయ్యాయి. కాళ్ళు చాపి కూర్చుని పిల్లవాడిని పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది. కూతురికి నలుగు పెట్టి కాగు ఖాళీ అయ్యేదాకా నీళ్ళు గుమ్మరించింది. సాంబ్రాణి వేసింది. అన్నం పెట్టింది. సౌమ్య పిల్లవాడికి పాలిచ్చి పక్కన వేసుకుంది.

ఇక నిప్పులు. ఇక్కడే రాజవ్వ అందరికన్నా శ్రద్ధ గల మనిషి. పొయ్యిలోంచి నిప్పులు తీసి వెంటనే లోపలికి తీసుకుపోయే బద్ధకపు మనుషుల్లాంటిది కాదు. కుంపట్లో వేసి, బయటే పెట్టి, సగం కాలిన ముక్కలను ఒక్కొక్కటీ పట్టకారుతో ఏరేసి, మిగిలినవి కణకణలాడేదాకా కాచుక్కూర్చుంటుంది. మీద చెయ్యి ఆడించి చూస్తుంది, ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూస్తుంది. పొగ ఒక్క పోగు కూడా లేదని తేలాకే గడప దాటిస్తుంది. పసివాడి గొంతులోకి పొగ పోతుందని అంత భయం ఆమెకు. పొగ పోతే చెడంతా పోయినట్టే అనుకుంది.

మంచం కింద కుంపటి పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చి, పొయ్యి మీద పాలగిన్నె పెట్టి రెండు సన్నపుల్లలు ఎగదోసింది. పాలు కాగేలోపు రెండు చీరలు తడిపింది, గిన్నెలు తోమింది. ఒకసారి కూతురిని చూసి వద్దామని లోపలికి వెళ్ళి, అలవాటుగా తలుపు మూసి కింద చీర సర్దింది.

"బిడ్డా, తల ఎట్లున్నది?"

"అమ్మా..." అంది సౌమ్య. ఇంకేదో అనబోయి ఆగిపోయింది. కళ్ళు మూతలు పడ్డాయి.

నిద్రపోయింది పాపం, పోనీ, అనుకుంది రాజవ్వ. పిల్లవాడు కూడా కిక్కురుమనడం లేదు. ఇన్నాళ్ళకు ఇద్దరూ ఒకేసారి పడుకున్నారు. ఆమెకు ఎంత సంతోషం కలిగిందంటే, గోడకు వీపు ఆనించి నేల మీద కూలబడింది. ఒక్క నిమిషం, అంతే, అనుకుంది.

గది వెచ్చగా ఉంది. మోకాళ్ళు బరువెక్కాయి. తల దిమ్ముగా ఉంది, కణతల దగ్గర ఎవరో వేళ్ళతో నొక్కుతున్నట్టుంది. ఇదంతా అలసటే అనుకుంది. అలసట ఆమెకు కొత్తదేం కాదు. పెళ్ళైన నాటి నుంచి ఇంట్లో మనిషిలాగే దాన్ని ఎరుగును. ఇన్నాళ్ళ నిద్ర ఇప్పుడు ఒక్కసారిగా వచ్చి మీద పడితే ఆశ్చర్యమేముంది? కళ్ళు తెరవాలని కూడా అనిపించలేదు. ఎవరూ పిలవకపోతే బాగుండు, ఇట్లాగే ఉండిపోతే బాగుండు, అనుకుంది. ఆ మాట అనుకున్నందుకు తరువాత ఆమె తనను తాను ఎన్నిసార్లు తిట్టుకుందో.

ఎక్కడో చాలా దూరం నుంచి అరుపు వినబడింది. గోడ అవతలి వహీదాబీ గొంతు.

"రాజవ్వా! ఓ రాజవ్వా! పాలు వొంగుతున్నయ్! పొయ్యంత పాలే! యాడ సచ్చినవే?"

రాజవ్వ పొయ్యి మీద పాలు పొంగడమా? ఆమె ఎరుకలో ఎప్పుడూ లేదు. ఆ సిగ్గుతోనే లేవబోయింది. కాళ్ళు లేవలేదు. ఆ కాళ్ళు తనవి కానట్టున్నాయి. చేతుల మీద పాకి తలుపు పట్టుకుంది. కింద తానే కుక్కిన చీర తలుపును పట్టేసి కదలనివ్వలేదు. పీకింది. బలం చాలలేదు. మళ్ళీ పీకింది. తలుపు తెరుచుకోవడంతోనే గడప మీద బోర్లా పడింది, పడినచోటే భళ్ళున కక్కింది.

వహీదాబీ అప్పటికే దొడ్డిదారిన వచ్చి, కొంగుతో పాలగిన్నె దించుతూ ఇటు చూసింది. గిన్నె అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"అల్లా! ఏమైందే?"

"ఏం లేదక్కా. అలిసిన గంతే," అంది రాజవ్వ.

బయటి చల్లగాలి ముఖానికి కొడుతోంది. నాలుగు గుక్కలు పీల్చింది. కణతల మీది వేళ్ళు కాస్త సడలాయి. ఇంకో నాలుగు పీల్చింది. కళ్ళ ముందు మసక విడిపోతోంది. అప్పుడు ఆమెకు భయం వేసింది. ఇన్నాళ్ళ అలసట నాలుగు గుక్కల గాలికి పోతుందా? పోయేది అలసటేనా? అయితే లోపల సౌమ్య పడుకున్నది నిద్ర కాదు.

"అక్కా, పిల్లలు!" అని కేక వేసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మళ్ళీ లోపలికి దూరింది. పిల్లవాడిని ఎత్తి వహీదాబీ చేతుల్లో పడేసింది. వాడి మెడ వాలిపోయింది. సౌమ్యను చంకల కింద చేతులు వేసి లాగింది. కదలలేదు. వహీదాబీ పిల్లవాడిని వాకిట్లో చాప మీద పడుకోబెట్టి తిరిగి వచ్చింది. ఇద్దరూ దుప్పటితో సహా ఈడ్చుకొచ్చారు. సౌమ్య ముఖం ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్న పిల్ల ముఖంలాగే ఉంది. దాన్ని చూసి ఎవరు అనుమానపడతారు?

"సౌమ్యా! బిడ్డా! పలుకే!" అని చెంపల మీద కొట్టింది రాజవ్వ. వహీదాబీ పిల్లవాడి అరికాళ్ళు రుద్దుతూ ఏవో దువాలు చదువుతోంది. ఎంతసేపటికో వాడు కుయ్‌మన్నాడు. ఏడుపు కూడా కాదు అది. సౌమ్య మాత్రం పలకలేదు.

వహీదాబీ కొడుకు అక్బర్ ఇంటి ముందు ఆటో తుడుచుకుంటున్నాడు. ఆ చేతిగుడ్డ అట్లాగే పారేసి బండి తీశాడు. "చిన్నమ్మా, పర్దాలన్ని పైకి కట్టు, గాలి రానియ్యి," అన్నాడు. కోరుట్ల దవాఖానాలో వెంటనే ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టి, అంబులెన్సులో జగిత్యాల పంపించారు. దారి పొడుగునా రాజవ్వ కూతురి అరిచెయ్యి పట్టుకుని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. గొంతు బొంగురుపోయింది. తనకు పెట్టిన మాస్కు పదే పదే తీసేస్తుంటే అంబులెన్సు మనిషి కసురుకున్నాడు.

జగిత్యాలలో లేడీ డాక్టరు మొదట అడిగింది ఒకటే. "గదిల నిప్పులు పెట్టిండ్రా?"

"పెట్టినం మేడం. కని పొగ లేదు. ఒక్క తునక పొగ లేకుంట నేనే ఏరి ఏరి పెట్టిన," అంది రాజవ్వ.

"పొగ ఉంటే మీరే దగ్గుకుంట లేచి తలుపు తీసేటోళ్లు. నిప్పుల నుంచి ఒక గ్యాసు వస్తదమ్మా. దానికి వాసన ఉండది, కంటికి కనబడది. మూసిన గదిల పెడితే అదే పీలుస్తరు. తల నొస్తది, వాంతులైతయి, నిద్ర వచ్చినట్టైతది. అంతే, మళ్ల లేవరు." డాక్టరమ్మ గొంతులో కోపం లేదు. ఇట్లాంటివి చూసి చూసి అలిసిపోయినట్టు చెప్పింది. "పొయ్యి బయటనే ఉండాలె. నిప్పులు గూడ బయటనే ఉండాలె. సలైతే రగ్గు కప్పుండ్రి."

రాజవ్వ తల ఊపింది. నాలుగు రోజులుగా కూతురు చెప్పిన మాటలన్నీ అదే వరసలో డాక్టరు నోట విన్నది. తల నొప్పి, వాంతి, చివరికి ఈ నిద్ర. పిల్ల చెబుతూనే ఉంది. తానే నోరు మూయించింది. గోడకు తల కొట్టుకోవాలనిపించింది, దానికీ ఓపిక లేకపోయింది.

పొద్దు వాలే వేళకు సౌమ్య కళ్ళు తెరిచింది. పిల్లవాడు వేరే గదిలో గుక్కపట్టి ఏడుస్తున్నాడని, ఏడిస్తేనే మంచిదని నర్సు చెప్పిపోయింది. కబురు ఆలస్యంగా అందిన ఎల్లేశం మోకు భుజం మీది నుంచి దించకుండానే వచ్చి, మంచం కాళ్ళ దగ్గర నిలబడిపోయాడు. ఏమన్నా పని ఉందా అని ఈసారి అడగలేదు. రాజవ్వకు నీళ్ళ సీసా తెచ్చి చేతిలో పెట్టాడు.

సిరిసిల్ల నుంచి బాలవ్వ, అల్లుడు మహేశ్ అప్పుడే దిగారు. మహేశ్ కొడుకున్న గది వైపు ఉరికాడు. బాలవ్వ కోడలి తల నిమిరి, ఇటు తిరిగింది. ఫోనులో సంగతంతా విన్న ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"గన్ని నిప్పులు ఎవలు పెట్టుమన్నరు? గాలి గూడు ఎవలు మూసిండ్రు?"

రాజవ్వ నోరు తెరిచేలోపే సౌమ్య మాస్కు పక్కకు జరిపింది. "నేనే అత్తమ్మా. నాకు సలైతుందని నేనే మూయమన్న. అమ్మ వద్దన్నది."

కూతురి ముఖం చూసింది రాజవ్వ. మాట్లాడటానికి ఊపిరి చాలని పిల్ల, ఉన్న ఊపిరిని తల్లి కోసం ఖర్చు పెడుతోంది. ఒప్పుకుని ఊరుకుంటే వియ్యపురాలి ముందు పరువు నిలుస్తుంది. అంత అలసటలోనూ ఆ ఆశ ఒకసారి మెదిలినందుకు ఆమెకు తన మీదే రోత పుట్టింది.

"అబద్ధం చెప్తుంది వొదినె," అంది. "కిటికీ తెరువుమని అది కాళ్ల మీద పడ్డట్టు అడిగింది. తిట్టి పండవెట్టింది నేను. గూట్ల గోనెసంచి కుక్కింది నేను. నా బిడ్డను నేనే..."

బాలవ్వ గొడవ పెట్టుకుంటుందని అందరూ అనుకున్నారు. ఆమె గోడ వారగా ఉన్న బల్ల మీద కూర్చుంది. తరువాత సంచిలోంచి ఫోను తీసి ఇంటికి చేసింది. పలికింది ఆమె భర్త.

"పిల్ల మంచిగనే ఉన్నది, పిలగాడు మంచిగనే ఉన్నడు. నా మాట ఇను. ఎనక అర్ర కిటికీలకు సాంచెల మీద నేసిన బట్ట రెండు మడతలు పెట్టి మొలలు కొట్టిచ్చిన సూడు, అది పీకెయ్. మొత్తం పీకెయ్. కొత్త కుంపటి తెచ్చిన గదా, అది బైట పారెయ్. ఎందుకంటే ఎందుకని! ఇప్పుడే పీకుమంటున్న!"

ఫోను పెట్టేసి ఎవరి ముఖమూ చూడలేదామె. "నెల నిండంగనే తోల్కపోయి, నీ కంటె మంచిగ సూసుకుందామని అనుకున్న వొదినె," అంది మెల్లగా.

రాజవ్వ వచ్చి పక్కన చేరింది. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. వార్డు కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. చలిగాలి లోపలికి కొడుతోంది. ఒకరైనా లేచి మూసే ప్రయత్నం చెయ్యలేదు. సౌమ్య మెల్లగా మళ్ళీ కళ్ళు మూసుకుంది. రాజవ్వ తల కూడా ఒకటి రెండుసార్లు ముందుకు వాలి, ఉలిక్కిపడి లేచింది. నిద్ర వస్తుంటే ఆమెకు వణుకు పుడుతోంది.

"జర ఒరుగు వొదినె. నువ్వు గూడ పీల్చినవు గదా ఆ గ్యాసు. నేను సూస్త," అంది బాలవ్వ, బల్ల మీద చోటిస్తూ.

ఇక ఆగే శక్తి లేదు రాజవ్వకు. కాళ్ళు ముడుచుకుని పక్కకు ఒరిగి, కళ్ళు మూసి, మళ్ళీ తెరిచింది. బాలవ్వ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పండుకున్నది గదా అని దాన్ని ఊకె ఇడిసిపెట్టకు వొదినె. జరసేపటికోసారి పేరు పెట్టి పిలువు. పలికేదాక పిలువు."